"డీజీ సెట్ ఉండగా డీసీ లూబ్ పంపు దండగ" అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

పవర్ ప్లాంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీక్కూడా వచ్చే ఉంటుంది. సారాంశం ఏంటంటే, గ్యాస్ టర్బైన్‌కి షాఫ్టుతో తిరుగుతూ బేరింగులకి ఆయిల్ ఇచ్చే మెయిన్ లూబ్ ఆయిల్ పంపు ఉంది, ఏసీ మోటార్ మీద స్టాండ్‌బై ఉంది, కరెంట్ పోతే డీజీ (డీజిల్ జనరేటర్) ఉంది, కాబట్టి బ్యాటరీ ఇచ్చే డీసీ మీద నడిచే ఎమర్జెన్సీ పంపు పాతకాలం డిజైన్, దాని మెయింటెనెన్స్ దండగ అని. చదివితే లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది, నా భయం అదే. ఎవరైనా నమ్మి బ్యాటరీ బడ్జెట్ కొట్టేస్తే తర్వాత పోయేది రోటరు, అంటే టర్బైన్‌లో తిరిగే భాగమే.

"ఫ్యూయల్ కట్ అయితే టర్బైన్ ఆగిపోతుంది కదా, ఇంక ఆయిలెందుకు" అన్నది మొదటి పాయింటు. ఆగదు బాబూ. స్విచ్చాపాక ఫ్యాన్ కాసేపు తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది, కాకపోతే ఇక్కడ తిరిగేది పదుల టన్నుల బరువు, 3000 ఆర్‌పీఎం నుంచి సున్నాకి రావడానికి పెద్ద మెషిన్లలో ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. షాఫ్టుని మోసే జర్నల్ బేరింగులో షాఫ్టు లోహం మీద ఆనదు, మైక్రాన్లలో ఉండే ఆయిల్ పొర మీద తేలుతుంది. స్పీడు తగ్గేకొద్దీ ఆ పొర పల్చబడుతుంది, అంటే చివరి నిమిషాలే ఎక్కువ ప్రమాదం. ఆగాక కూడా పని అవ్వదు, ఎందుకంటే టర్బైన్ డిస్కుల్లో ఉన్న వందల డిగ్రీల వేడి మెల్లగా షాఫ్టు వెంబడి బేరింగుకి దిగుతుంది, అందులో లోపలి పూతగా ఉండే మెత్తటి లోహం, వైట్ మెటలేమో సుమారు 240 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరగడం మొదలవుతుంది. ఆ వేడిని లాక్కుపోయేది ఆయిలే.

"షాఫ్టు తిరిగినంతసేపూ మెయిన్ పంపు ఆయిల్ ఇస్తూనే ఉంటుంది" అంటున్నారు. ఇస్తుంది, ఫుల్ స్పీడులో. స్పీడు పడితే దాని ప్రెషరూ పడుతుంది, ట్రిప్ (ఫ్యూయల్ కట్ అయి మెషిన్ ఆటోమేటిక్‌గా షట్‌డౌన్ అవడం) తర్వాత ఏసీ పంపు ఆటోలో ఎత్తుకునేలా పెట్టిందే అందుకు. ఆ ఏసీయే లేకపోతే ఏంటి మరి?

డీజీ ఉంది అంటారు. మంచి కండిషన్లో ఉన్న డీజీ అయినా స్టార్టయి, వోల్టేజి బిల్డయి, బ్రేకర్ క్లోజ్ అయి పంపుకి కరెంటు చేరేసరికి పది సెకన్లు ఈజీగా పోతాయి. మెయిన్ పంపు స్పీడు పడిపోయాక హెడర్ (బేరింగులకి ఆయిల్ పంచే పైపు) ప్రెషర్ అంతసేపు ఆగదు. స్పీడు సగానికి పడి 1500 ఆర్‌పీఎం ఉన్నా సెకనుకి 25 చుట్లు, పది సెకన్లలో 250 చుట్లు, ఆయిల్ సరిగ్గా అందకుండా. అదీ డీజీ మొదటిసారికే స్టార్టయితే, ఆ కరెంటుని పంచే బస్‌బార్‌లో ఫాల్టు లేకపోతే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కూలినప్పుడు యూనిట్లు వరసపెట్టి ట్రిప్పయ్యాయి. అప్పటికి సదరన్ గ్రిడ్ వాటితో సింక్రనైజ్ కాలేదు (ఒకే గ్రిడ్‌గా కలవలేదు) కాబట్టి మనకి ఆ రోజు రాలేదు, 2013 డిసెంబర్ 31 నుంచి మనమూ అదే గ్రిడ్‌లో ఉన్నాం.

ఆ మెసేజ్‌లో నాకు బాగా కోపం తెప్పించిన లైను "పైగా ఆ పంపు ఫిల్టర్, కూలర్ దాటేసి ఆయిల్ పంపిస్తుంది, ఓవర్‌లోడ్ ట్రిప్ కూడా ఉండదు, చెత్త డిజైన్" అన్నది. అది కావాలని పెట్టిన ఏర్పాటు! ఫిల్టర్ చోక్ అయినా బేరింగుకి ఆయిల్ చేరాలి. ఓవర్‌లోడ్ అయినా పంపుని ఆపకుండా అలారం మాత్రమే ఇస్తారు, ఎందుకంటే మోటార్ కాలిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, పంపు ఆగితే పోయేది కోట్ల మెషిన్. ఏరో డెరివేటివ్ (విమాన ఇంజిన్ నుంచి మలిచిన) టర్బైన్లకి ఈ పంపు అక్కర్లేదు కదా అని ఇంకో మాట, వాటివి బాల్స్, రోలర్ల మీద తిరిగే రోలింగ్ బేరింగులు, కథ వేరు, అయినా వాటి జనరేటర్‌కి జర్నల్ బేరింగులుంటే దాని బ్యాకప్ దానికి కావాల్సిందే.

బ్యాటరీ కూడా పోతే ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియా క్వీన్స్‌ల్యాండ్‌లోని కలైడ్ స్టేషన్ సీ4 యూనిట్ చూడండి. అది స్టీమ్ టర్బైనే గానీ బేరింగు సంగతి ఒకటే. 2021 మే 25న కొత్త బ్యాటరీ చార్జర్‌ని సర్వీసులోకి తెచ్చే స్విచింగ్‌లో డీసీ పడిపోయింది, ఏసీ కూడా పోయింది. డీసీ లేదు కాబట్టి ఫాల్టు పట్టి మెషిన్ని విడదీసే ప్రొటెక్షన్ పని చెయ్యలేదు, బ్రేకర్ తెరుచుకోలేదు, ఎమర్జెన్సీ పంపు స్టార్ట్ కాలేదు, జనరేటరేమో గ్రిడ్ నుంచి కరెంటు లాక్కుంటూ మోటార్‌లా అరగంటకు పైగా ఆయిల్ లేకుండా తిరిగింది. షాఫ్టు ముక్కలైంది. ఆ యూనిట్ మళ్ళీ 2024లో గానీ సర్వీసులోకి రాలేదు.

"వారం వారం స్క్రీన్ మీద స్టార్ట్ కొడితే గ్రీన్ వస్తోంది, చాలు" అన్నది ఆఖరిది. చాలదు. స్క్రీన్ బటన్‌తో చేసే టెస్టు, ఆయిల్ ప్రెషర్ తగ్గగానే పంపుని స్టార్ట్ చేసే ప్రెషర్ స్విచ్‌ని టెస్ట్ చెయ్యదు. గేజ్ ప్యానెల్ దగ్గర టెస్ట్ వాల్వ్ మెల్లగా తెరవండి, ముల్లు దిగుతూ సెట్ పాయింట్ తాకగానే పంపు మోటార్‌కి కరెంటిచ్చే కాంటాక్టర్ టప్‌మని పడాలి, స్టార్టింగ్ రెసిస్టెన్సులు ఒక్కోటీ కట్ అవుతుంటే ఆమ్మీటర్ ఎగిరి దిగాలి, ఇంకో మనిషి అప్పుడే బ్యాటరీ రూంలో లోడ్ మీద వోల్టేజి చూడాలి. 220 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాంకులో నూటికి పైగా సెల్సు ఉంటాయి, చార్జర్ మీద ఉన్నంతసేపూ అన్నీ ఆరోగ్యంగానే కనిపిస్తాయి, వీక్ సెల్ బయటపడేది డిశ్చార్జిలోనే.

కేజీ బేసిన్ గ్యాస్ తగ్గిపోయాక వేమగిరి, కొండపల్లి వైపు ప్లాంట్లు ఎంతకాలం ఖాళీగా ఉన్నాయో మనకి తెలుసు. అలా ఆగి ఉన్న యూనిట్‌ని మళ్ళీ స్టార్ట్ చేసేముందు బ్యాటరీకి ఫుల్ డిశ్చార్జి టెస్టు చేసి, మళ్ళీ చార్జ్ చేశాక, డీసీ పంపుని కోస్ట్ డౌన్‌కి (ట్రిప్పయిన టర్బైన్ తిరిగి తిరిగి ఆగడానికి) పట్టేంతసేపు బ్యాటరీ మీదే నడిపి చూడండి. ఆ రీడింగులు సంతకంతో లాగ్‌బుక్‌లో లేకపోతే స్టార్ట్ పర్మిషన్ ఇవ్వకండి.