ఉద్యోగం మానకుండా టౌన్ ప్లానింగ్ చదివే దారేది?

ఒంగోలులో వార్డు ప్లానింగ్ కార్యదర్శిగా పనిచేసే మా బంధువులమ్మాయి సంక్రాంతికి నెల్లూరు వచ్చింది. "బాబాయ్, ఉద్యోగం మానుకోకుండా టౌన్ ప్లానింగ్ చదవాలంటే ఎక్కడికి పోవాలి?" అని అడిగింది. సివిల్ బీటెక్ చేసిన పిల్ల. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత వెతికిన కొద్దీ బాధే మిగిలింది.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. వార్డులో ఈ ప్లానింగ్ పోస్టుకు సివిల్ డిప్లొమా ఉన్నా చాలు. ఇంటి ప్లాను వస్తే టేపు పట్టుకుని సైటుకు పోయి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, కొలవాలి. అనుమతి లేని అంతస్తు లేస్తే నోటీసు ఇవ్వాలి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం నిజంగా వదిలారో లేదో చూడాలి. ఇరుగుపొరుగు గోడ తగాదాలు సరేసరి. 2017 బిల్డింగ్ రూల్స్ వాళ్లకు నోటికొచ్చు. కానీ ఏ పల్లంలో ఇళ్లు రాకూడదు, ఏ వీధి రేపటికి ఎంత వెడల్పు కావాలి అన్నవి ఆ రూల్స్ చదివితే తెలిసేవి కావు. వాటికి వేరే చదువుంది.

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు భగత్‌సింగ్ కాలనీ మునిగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కోసుకుపోయింది. కోవూరు దగ్గర హైవే తెగింది. ఏటి ఒడ్డున ఇళ్లు ఒక్కరోజులో రావు, ఒక్కొక్కటే లేస్తాయి. ఆ లేవడాన్ని అందరికంటే ముందు చూసేది వార్డులో తిరిగే ఉద్యోగే. చూసినదాన్ని మ్యాపు మీద పెట్టి, ఇప్పుడు ఆపకపోతే పదేళ్లకు ఏమవుతుందో పైఅధికారుల ముందు వాదించే శిక్షణ మాత్రం ఆ ఉద్యోగికి మనం ఇవ్వలేదు.

ఇక దారుల సంగతి. విజయవాడలో 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. మంచి సంస్థ. అక్కడ ఎం.ప్లాన్, అంటే ప్లానింగ్‌లో పీజీ, చేయాలంటే రెండేళ్లు రోజూ క్లాసులో ఉండాలి. జీతం మీద ఇల్లు నడిచేవాళ్లకు అది కుదిరే పనికాదు. ఇగ్నోలో పట్టణ ప్రణాళికపై దూరవిద్య పీజీ డిప్లొమా ఉంది. డిగ్రీ లేని సివిల్ డిప్లొమా వాళ్లకు అదీ అందదు.

దూరవిద్య అనగానే భయపడేవాళ్లను నేను తప్పు పట్టను. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ చట్టం 1987లోనే టౌన్ ప్లానింగ్‌ను సాంకేతిక విద్య కింద చేర్చింది కాబట్టి ఆ భయం ప్లానింగ్‌కూ తప్పదు. ల్యాబు లేకుండా ఇంజినీరును తయారు చేయలేం, నిజమే. అయితే ప్లానింగ్‌కు ల్యాబు ఊరే కదా! మా అమ్మాయి రోజూ ఆ ల్యాబులోనే తిరుగుతోంది. లేనిదల్లా పక్కన కూర్చుని ఆమె గీసింది దిద్దే గురువు. శుక్రవారం సాయంత్రం ఒంగోలులో పినాకిని రైలు ఎక్కితే రాత్రికి బెజవాడలో ఉంటారు. నెలనెలా రెండో శనివారం, ఆదివారం స్టూడియో, అంటే ప్లాన్లు గీయించి దిద్దే క్లాసు, అక్కడ పెట్టి, మిగతా పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పి, ప్రాజెక్టు మాత్రం సొంత వార్డు మీదే చేయించవచ్చు. డిప్లొమా వాళ్లకు ఒక ఏడాది బ్రిడ్జి కోర్సు కలపాలి. ఫీజు మున్సిపాలిటీ భరించాలి. బదులుగా ఐదేళ్లు ఇక్కడే పనిచేస్తామని బాండు రాయించుకోవచ్చు.

ఇది మరీ కొత్త ఆలోచనేం కాదు. ఇంగ్లండులో 1914లో ఏర్పడిన రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూట్ దూరవిద్య కోర్సులకూ గుర్తింపు ఇస్తుంది. అక్కడ స్థానిక కౌన్సిళ్లలో ఉద్యోగం చేస్తూనే ప్లానర్లు అవుతున్నారు. మన దగ్గర రాష్ట్రాల ప్లానింగ్ శాఖలకు 12,000కు పైగా ప్లానర్లు కావాలనీ, మంజూరైన పోస్టులు 4,000 కూడా లేవనీ, వాటిలోనూ సగం ఖాళీలేననీ నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. పట్టణ ప్రణాళిక మున్సిపాలిటీల పని అని 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మొట్టమొదటి అంశంగా పెట్టి ముప్పై ఏళ్లు దాటింది.

కోర్సు వస్తే మొదటి అసైన్‌మెంట్ ఏమిటో నాకు ఇప్పుడే తెలుసు. కార్తీకమాసపు వానల్లో ఒంగోలు పోతురాజు కాలువ వెంట నడిచి, ఎక్కడెక్కడ సన్నబడిందో, ఎక్కడ నీళ్లు నిలిచి ఇళ్లలోకి తిరుగుతున్నాయో గీసుకురావడం. ఆ మాటే అమ్మాయితో అంటే, "సగం ఫోన్లో ఫొటోలు తీసి పెట్టాను బాబాయ్, వాటిని ఏం చేయాలో తెలియక ఊరుకున్నా" అంది.