మహారాజశ్రీ వేలం ధర గారి సముఖానికి

మహారాజశ్రీ, ఆకారాలేవీ చూపక రంగులూ గీతలూ మాత్రమే ఉండే నైరూప్య చిత్రాల వేలం ధర గారి సముఖానికి, చెన్నైలో కాపురముంటున్న ఒక తెలుగు గృహస్థు నమస్కరించి వ్రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. మా క్షేమం సంగతి అలా ఉంచితే, తమరి క్షేమం పత్రికల ద్వారా ఎప్పటికప్పుడు మాకు అందుతూనే ఉంది. 2021లో మన దేశపు చిత్రకారుడు వి.ఎస్. గాయితొండే చిత్రం మీద దాదాపు 40 కోట్ల రూపాయలుగా వెలసిన తమరు, 2023లో మరో మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా చిత్రం మీద 51.75 కోట్లకు పెరిగి, 2025 సెప్టెంబరులో ఢిల్లీలో తిరిగి గాయితొండే చిత్రం మీదికే వచ్చి 67 కోట్లు దాటారని చదివి సంతోషించాము. న్యూయార్కులో తమరి వైభవం ముందు ఇది లెక్కలోకి రాదనీ, అక్కడ అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో చిత్రం మీద 2012లోనే 8.69 కోట్ల డాలర్లుగా కొలువుతీరారనీ తెలియకపోలేదు. అయినా స్వదేశంలో దినదినప్రవర్ధమానమవుతున్నవారిని చూస్తే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది.

సాధారణంగా ఇలాంటి ఉత్తరాలు బొమ్మలకు రాస్తారు. రెండు రంగులు పూసి ఊరుకున్న గుడ్డకు మ్యూజియంలో అంత గోడ ఎందుకని, మా మూడో తరగతి పిల్లవాడు ఇంతకన్నా బాగా వేస్తాడని వాటిని నిలదీస్తారు. నేను ఆ వరుసలో నిలబడదలచుకోలేదు. 2011లో బోస్టన్ కాలేజీ పరిశోధకులు పేరున్న నైరూప్య చిత్రకారుల పనిని పసిపిల్లల, జంతువుల రంగుల పనితో జతచేసి చూపితే, చిత్రకళ చదువుకోని సామాన్యులు కూడా కాకతాళీయం అనుకోవడానికి వీల్లేనంత తరచుగా చిత్రకారుల పనినే ఎంచుకున్నారు. అంటే మనుషుల కళ్ళకు ఆ మాత్రం వివేకం ఉంది. అది లేనిది తమరికేనని నా అభియోగం.

మా అన్నానగర్‌లో నాకు పరిచయమున్న ఒక ఇంటి హాల్లో సోఫా వెనక గోడ నిండా ఒక నైరూప్య చిత్రం ఉంది. ఆ ఇంటికి వెళ్ళినవారు చెప్పులు విప్పి, మంచినీళ్ళు అందుకునేలోపే తమరితో పరిచయం జరిగిపోతుంది. “ఎంతకు కొన్నామో చెప్పుకోండి చూద్దాం” అని ఇంటాయన అడుగుతారు. అతిథి మర్యాదకు ఒక అంకె చెబుతాడు. ఇంటాయన చిరునవ్వుతో అసలు అంకె చెబుతారు. అప్పుడు అతిథి మొదటిసారి తలెత్తి బొమ్మను చూసి, “అవునండీ, ఇందులో ఏదో ఉంది” అంటాడు. ఆ ఏదో తమరే గదా. ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన వారి పిన్నిగారికి వినికిడి తక్కువ కావడంతో ఆ అంకె చెవిన పడలేదు. ఆవిడ బొమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు అంచులన్నీ చూసి, “ఈ ఎరుపు కింద ఇంకేదో రంగు వేసి గీకేశారురా అబ్బాయ్, మూలల్లో తెలుస్తోంది” అన్నారు. ఆ ఇంట్లో ఆ చిత్రాన్ని చూసినవారు నాకు తెలిసి ఆవిడ ఒక్కరే.

తమరికి చూపు లేదన్నందుకు ఆగ్రహించవద్దు. న్యూయార్కులో 1846 నుంచి నడిచిన నోడ్లర్ గ్యాలరీ వ్యవహారం తమరు మరిచిపోయినా మేము మరిచిపోలేదు. రోత్కోవనీ, మరో అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్‌వనీ చెప్పి ఆ గ్యాలరీ ఏళ్ళ తరబడి అమ్మిన చిత్రాల వెల మొత్తం దాదాపు 8 కోట్ల డాలర్లు. వాటిని నిజానికి వేసినవాడు క్వీన్స్ ప్రాంతంలో ఉంటున్న ఒక చైనా వలస చిత్రకారుడు. అతనికి బొమ్మకు ముట్టింది కొన్ని వేల డాలర్లే. ఒక బొమ్మ మీద పొలాక్ సంతకంలో ఒక అక్షరమే ఎగిరిపోయినా ఎవరూ ఉలిక్కిపడలేదు. 1956లో పోయిన పొలాక్ పేరిట 1.7 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన మరో చిత్రంలో ఆయన బతికుండగా బజారులోకి రాని రంగులు ఉన్నాయని పరీక్షలో తేలింది. 2011లో గ్యాలరీ మూతపడింది. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచేది మోసం కాదు, మోసాలు అన్ని వ్యాపారాల్లోనూ ఉన్నాయి. 83 లక్షల డాలర్లు పోసి ఒక దంపతులు రోత్కో అనుకుని కొని గోడకు వేలాడదీసుకున్న చిత్రంలో, నిజం బయటపడిన మరునాడు కూడా అదే ఎరుపు, అదే నలుపు, చూసిన కళ్ళూ అవే. ఒక్క తమరు మాత్రం చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేశారు. అన్నాళ్ళూ తమరు కాపురమున్నది రంగుల్లో కాదని, సంతకం వెనక ఉన్న కాగితాల్లోనని ఇంతకన్నా ఎవరు రుజువు చేయగలరు?

మొదట తోచినవాడికీ, తోచినదాన్ని చూసి దించినవాడికీ తేడా లేదా అని తమరి తరఫు వకీళ్ళు అడుగుతారు. ఉంది. 1915లో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో చిత్రకారుడు కజిమిర్ మాలెవిచ్ ఒక నల్ల చతురస్రాన్ని, రష్యన్ ఇళ్ళలో దేవుడి పటం ఉంచే గది మూలన, పైకప్పుకు దగ్గరగా వేలాడదీశాడు. అంతకు ముందు ఆ పని చేయాలని ఎవరికీ తోచలేదు, తోచినా ధైర్యం చాలలేదు. అలాంటి చిత్రానికి మ్యూజియంలో చోటు ఇవ్వవలసిందే, ఇస్తే చాలదు, ముందు నిలబడడానికి ఒక బల్ల కూడా వేయాలి. అయితే అది చరిత్ర తీర్చవలసిన ఋణం. ఆ ఋణపత్రాన్ని చేతబట్టుకుని, అదే పేరున్న ప్రతి గుడ్డముక్క మీదా వడ్డీ వసూలు చేసుకునే హక్కు తమరికి ఎవరు రాసిచ్చారు?

డచ్ చిత్రకారుడు మోన్‌డ్రియన్ రంగు పట్టీల చిత్రం ఒకటి 1945 నుంచి తలకిందులుగా ప్రదర్శింపబడుతోందని 2022లో జర్మనీలో కనుగొన్నారు. ఇప్పుడు తిప్పితే పట్టీలు ఊడిపోతాయని భయపడి అలాగే ఉంచారు. ఆ డెబ్బై ఏడేళ్ళలో తమరికి ఒక్కసారైనా తల తిరగలేదా అని మాత్రం అడిగి ఊరుకుంటాను.

తమరి జన్మరహస్యం మా తెలుగువారికి బొత్తిగా తెలియనిదేమీ కాదు. హైదరాబాదు బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు పలికింది. ఈ ముప్ఫై ఏళ్ళలో శనగపిండిలో గానీ చక్కెరలో గానీ అంత మార్పు వచ్చిందని ఎవరూ అనుకోరు. పాట పాడేవాడు ఎవరు, పక్కన పోటీకి నిలిచినవాడు ఎవరు, నిరుడు ఎంత పలికింది అన్న మూడు ప్రశ్నల మీదనే ఆ అంకె నడుస్తుంది. కాని లడ్డూ విషయంలో ఎవరూ దాపరికం చేయరు: పాడినవాడు పుణ్యం కోసమూ పేరు కోసమూ పాడానని మైకులోనే చెబుతాడు, సొమ్ము ఊరి పనులకు పోతుంది, లడ్డూ నలుగురికీ పంచిపెడతారు. తమరి సభలో అలా కాదు. అమ్మకందారు పెట్టుకున్న కనీస ధర చేరేదాకా గదిలో లేని కొనుగోలుదారుల పాటను వేలం నడిపేవాడే గాలిలోంచి అందుకునే ఆచారం ఒకటి ఉంది. ఎవరూ కొనకపోయినా ఫలానా మొత్తానికి నేను తీసుకుంటానని ముందే హామీ ఇచ్చి, వేరొకరు కొంటే లాభంలో వాటా పుచ్చుకునే పెద్దమనుషులు ఉన్నారు. తమ గ్యాలరీలో నిల్వ ఉన్న చిత్రాల విలువ పడిపోకుండా, అదే చిత్రకారుడి బొమ్మ వేలానికి వచ్చినప్పుడు పాట పెంచే వర్తకులు ఉన్నారు. ఇంతమంది భుజాలు మార్చుకుంటూ మోసిన పల్లకి దిగి, తమరు మాత్రం “కళాభిమానం నన్ను ఇంతదాన్ని చేసింది” అని సెలవిస్తారు.

మ్యూజియాల మీద తమరి అధికారం చూస్తే జాలి కలుగుతుంది, జాలి మ్యూజియాల మీదనే. 1973లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ జాతీయ గ్యాలరీ కోసం పొలాక్ వేసిన ‘బ్లూ పోల్స్’ చిత్రాన్ని 13 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు కొన్నప్పుడు, ప్రజాధనం మట్టిపాలయిందని దేశమంతా గగ్గోలు పెట్టింది. ఈనాడు అదే చిత్రాన్ని ఆ దేశం దూరదృష్టికి నిదర్శనంగా చెప్పుకుంటున్నారు. మధ్యలో ఏం జరిగింది? ప్రజలు దాని ముందు కూర్చుని ఆ నీలి నిలువుగీతల మధ్య అల్లుకున్న రంగుల తాళ్ళను చూడడం నేర్చుకున్నారని చెప్పగలిగితే ఎంతో బాగుండేది. కొందరు నేర్చుకునే ఉంటారు. ఎక్కువమందిని మెత్తబరచింది మాత్రం తమరు వందల రెట్లు పెరగడమే. 2016లో ఒక సెనేటరు దాన్ని అమ్మి దేశం అప్పు కొంత తీర్చుకుందామని కూడా సూచించాడు. అప్పుడు తిట్టినవారూ తమరినే చూసి తిట్టారు, ఇప్పుడు పొగిడేవారూ తమరినే చూసి పొగుడుతున్నారు, బొమ్మ మాత్రం ఇద్దరి మధ్యా అలాగే నిలబడి ఉంది.

తమరు కాలుపెట్టని చోటు ఒకటి మా ఊళ్ళోనే ఉంది. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల గదికి ఒకసారి దయచేయండి. కృష్ణాతీరంలో సుమారు రెండు వేల ఏళ్ళ కిందట చెక్కిన ఆ సున్నపురాతి ఫలకాల్లో కొన్నింటిలో బుద్ధుడు కనిపించడు. చుట్టూ జనం చేతులు జోడించి ఒంగి ఉంటారు, నడుమ ఆసనం ఖాళీగా ఉంటుంది, దాని కింద రెండు పాదముద్రలు ఉంటాయి. అంతటివాణ్ణి చూపడానికి ఆకారం చాలదని మా శిల్పులు ఆ రోజుల్లోనే గ్రహించారు. దక్షిణాన ఇంకొంచెం దూరం వెళితే చిదంబరంలో తెర తొలగించి, బంగారు బిల్వదళాల మాల వెనక ఉన్న శూన్యాన్నే చూపించి, ఇదే రహస్యం అంటారు. కాబట్టి ఏమీ లేని చోటును చూసి నిలబడిపోవడం ఈ నేల మీది మనుషులకు న్యూయార్కువారు వచ్చి నేర్పవలసిన విద్య కాదు. అయితే ఆ ఖాళీ ఆసనం ముందు ఆదివారం మధ్యాహ్నం కూడా పట్టుమని పదిమంది ఆగరు. బడిపిల్లలు వరుసగా వచ్చి వరుసగా వెళ్ళిపోతారు. ఆ రాళ్ళు అమ్మకానికి వచ్చేవి కావు గనక వాటి పక్కన తమరు లేరు. తమరు లేనిచోట ఆగడం మేము మరిచిపోయాము. నా కోపంలో పెద్ద భాగం ఇక్కడిదే.

తమరి కోసం ఎదురుచూడకుండా బతికి చూపినవారు కూడా ఈ ఊరివారే. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో మద్రాసు చిత్రకారులు కొందరు బాతిక్ అనే మైనపు అద్దకం గుడ్డలూ చేతిపని వస్తువులూ చేసి అమ్మిన సొమ్ముతో ఇంజంబాక్కం ఇసుకలో స్థలం కొని చోళమండలం గ్రామాన్ని కట్టుకున్నారు. బొమ్మ అమ్ముడుపోదనే భయంతో బొమ్మను మార్చకూడదన్నది వారి పట్టుదల, పొట్టపోసుకోవడానికి బాతిక్ ఉంది. పణిక్కర్ ‘పదాలు, సంకేతాలు’ వరుస చిత్రాల్లో జాతకచక్రాల్లాంటి గళ్ళూ, ఏ భాషలోనూ చదవడానికి వీలుకాని అక్షరాలూ ఉంటాయి. వాటి ముందు నిలబడినవాడు ముందు చదవబోయి, చదవలేక, చివరకు చూడడం మొదలుపెడతాడు. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్న ఎస్.వి. రామారావు లండన్‌కూ, అక్కడి నుంచి అమెరికాకూ వెళ్ళి నైరూప్య చిత్రకారుడిగా నిలిచి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పేరు తెలుగువారిలో ఎంతమందికి తెలుసునని అడగను. తమరు ఆయన బొమ్మల మీద 67 కోట్లుగా వెలసి ఉంటే ఈపాటికి కూడళ్ళలో విగ్రహాలు లేచేవి.

పైగా తమరు మహోన్నతులైన కొద్దీ బొమ్మలకు గోడ కూడా దక్కడం లేదు. ఖరీదైన చిత్రాలు ఎన్నో జెనీవా లాంటి చోట్ల పన్ను సోకని గిడ్డంగుల్లో, చెక్కపెట్టెల్లో, చీకట్లో చేతులు మారుతున్నాయి. మ్యూజియంలో చోటుకు అర్హత ఉందా లేదా అని మేము ఇక్కడ వాదించుకుంటుంటే, అర్హత ఉన్నవి అక్కడ తాళం వెనక నిద్రపోతున్నాయి.

కనుక నా విన్నపం చిన్నది. గాయితొండే ఢిల్లీ నిజాముద్దీన్‌లో చిన్న వాటాలో ఆర్భాటం లేకుండా బతికి, రోలరుతో, కత్తితో రంగును పూసీ తీసీ, ఏడాదికి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని చిత్రాలే వేసి, 2001లో కన్నుమూశారు. తమరు కోట్లుగా మారి ఆయన గడప తొక్కింది ఆ తరువాతనే. మన కాపీరైటు చట్టంలో 1994 సవరణతో చేరిన 53ఎ సెక్షను ప్రకారం, అసలు చిత్రం 10,000 రూపాయలకు మించి తిరిగి అమ్ముడుపోయినప్పుడు అందులో 10 శాతానికి మించకుండా ఒక వాటా చిత్రకారుడికో వారసులకో చెందవలసి ఉంది. ఆ సెక్షను ఇన్నేళ్ళుగా పుస్తకంలో పడుకునే ఉంది. తమరు దయచేసి దాన్ని తట్టి లేపి, బతికున్న చిత్రకారుల బాకీల నుంచి మొదలుపెట్టి చెల్లింపులు ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను. పంపేటప్పుడు బట్వాడా ఖర్చులు అందులోంచి మినహాయించుకోవద్దని మనవి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పాటలో ఎన్నడూ చెయ్యెత్తని
ఒక చెన్నై తెలుగువాడు