ఆ గిన్నెలో బంగారం కరిగించి పోయలేదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఈ ఫార్వర్డ్ తిరిగొస్తుంది. 15వ శతాబ్దంలో జపాన్ షోగన్ (సైనిక పాలకుడు) యోషిమాసా తన టీ గిన్నె పగిలితే బాగుచేయమని చైనాకు పంపాడట. వాళ్లు వికారంగా లోహపు కుట్లు వేసి పంపారట. అది నచ్చక జపాన్ పనివాళ్లు బంగారం కరిగించి పగుళ్లలో పోశారట. అదే కింత్సుగి. అప్పట్నుంచి అక్కడ ఏ ఇంట్లోనూ పగిలిన గిన్నె పారేయరట. కింద బంగారు గీతల గిన్నె ఫొటో, దాని కింద ఒక జీవిత సత్యం.

యోషిమాసా గిన్నె నిజంగానే ఉంది, టోక్యో నేషనల్ మ్యూజియంలో. లేత ఆకుపచ్చ గ్లేజు (గాజులాంటి పూత) ఉన్న 13వ శతాబ్దపు చైనా గిన్నె, పేరు బకోహాన్. దాని కథను ఇతో తోగాయ్ అనే పండితుడు 1727లో రాశాడు. యోషిమాసా పోయింది 1490లో! ఆ కథలో కూడా ఆయన అడిగింది రిపేరు కాదు, అలాంటిదే ఇంకో గిన్నె. అంత మంచిది ఇప్పుడు దొరకదని చైనావాళ్లు పాతదానికే కుట్లు వేసి పంపారు. కుట్లు మిడతల్లా ఉన్నాయని గిన్నెకు ఆ పేరు పెట్టి, ఇంకా అపురూపంగా దాచుకున్నారు. అవి నేటికీ అలాగే ఉన్నాయి. బంగారం ఊసే లేదు.

బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. రాకు అనే జపాన్ రకం ఎర్ర టీ గిన్నెను కాల్చేదే 800 దరిదాపుల్లో. అందులో కరిగిన బంగారం పోస్తే ఉన్న పగులుకు ఇంకో నాలుగు తోడవుతాయి. ముక్కల్ని పట్టి ఉంచేది ఉరుషి అనే చెట్టు పాలు. గోధుమపిండి కలిపి అతికించి, తేమగా ఉండే పెట్టెలో పెడతారు. ఎండలో ఆరేది కాదది, తేమలోనే గట్టిపడుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చివరి పూత పచ్చిగా ఉండగా పైన బంగారు పొడి చల్లుతారు, అంతే. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టే మన నల్లజీడిదీ ఆ చెట్టుదీ ఒకే కుటుంబం. పచ్చి పాలు తగిలితే ఒళ్లు పొక్కుతుంది.

ఆ ఫొటోలోది జపాన్ కళాకారుడు హొన్‌అమి కొయెత్సు (1558–1637) చేసిన సెప్పో అనే గిన్నె, టోక్యోలోని హతకెయామా మ్యూజియంలో ఉంది. చక్రం మీద కాకుండా చేత్తో మలిచిన గుండ్రటి ఎర్ర గిన్నె. అంచు నుంచి తెల్ల గ్లేజు కిందికి జారి ఉంటుంది. ఇది చేజారి పగల్లేదు, కాలుతున్నప్పుడే చీలింది. మన ఆవంలో అలా చీలితే పక్కన పడేస్తారు. ఇక్కడ తెలుపును కొండమీది మంచు అనుకున్నారు, బంగారంతో బాగుచేసిన చీలికను ఆ మంచు కరిగి దిగే వాగు అనుకున్నారు. సెప్పో అంటే మంచు శిఖరం.

ఇక ఇంటింటా బంగారం మాట. అది టీ వేడుకల ఖరీదైన గిన్నెలకే. 18వ శతాబ్దం చివర్నుంచి మామూలు జనం పగిలిన పింగాణీని వీధుల్లో తిరిగే రిపేరువాళ్లకిచ్చేవారు, మన దగ్గర చిల్లు బిందెకు మాటు వేయించుకున్నట్టు. వాళ్లు గాజుపొడి ముద్దతో అతికించి మళ్లీ కాల్చేవారు. ఎవరి గిన్నె ఎవరిదో కలిసిపోకుండా అడుగున గుర్తు రాసేవారు.