వేదిక మీద బ్యాంకాక్ పూలు

శ్రీకాకుళంలో ఓ మోస్తరు పెళ్లికి కూడా ఇప్పుడు వేదిక వెనక థాయిలాండ్ ఆర్కిడ్లు ఉండాల్సిందే. ఊదావి, తెల్లవి, తెల్లవాటికే రంగెక్కించిన నీలంవి. విమానమెక్కి వచ్చి, ఒక్క రాత్రికి మాత్రం పనికొచ్చే ఈ పూలు కొనడం తప్పా? తప్పే. కాకపోతే అందరూ చెప్పే విమానం పొగ వల్ల మాత్రం కాదు.

ఆ వాదన అంత గట్టిది కాదు. 2007లో బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ లెక్క కట్టింది. అక్కడి మార్కెట్‌కి 12 వేల గులాబీలు కెన్యా నుంచి తెస్తే సుమారు 6 టన్నుల కార్బన్ డయాక్సైడ్, పక్కనున్న నెదర్లాండ్స్ నుంచి తెస్తే 35 టన్నులు. చలిదేశంలో గ్రీన్‌హౌస్‌ను వేడిగా ఉంచడానికి అంత కాల్చాలి మరి. కెన్యాలో నైవాషా సరస్సు చుట్టూ వేలమంది ఆ తోటల కూలి మీదే బతుకుతున్నారు, అదీ నిజమే. కానీ మనం లండన్‌లో లేం. మన దగ్గర బంతి పూయడానికి హీటర్ అక్కర్లేదు.

నాకు ఒళ్లు మండేది వేరే చోట. ఆర్కిడ్ కొమ్మ నీళ్లలో పెడితే వారం పైనే నిలుస్తుంది. అలాంటిదాన్ని ఆకుపచ్చ స్పాంజ్‌లో గుచ్చి, ఫొటోలు అయిపోగానే మండపం వెనక పారేస్తాం. ఆ స్పాంజ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌తో చేసిన ప్లాస్టిక్. పొడిపొడి అవుతుందే గానీ మట్టిలో కలవదు. మల్లెలు సాయంత్రానికే వాడతాయి, నిజమే. కానీ ఎవరి జడలోనో, ఏ దేవుడి పటానికో చేరాకే వాడతాయి.

డబ్బు దారి కూడా చూడండి. పూలు గోదావరి వైపున్న కడియపులంక నుంచి వచ్చినా, దండ కట్టి మూర లెక్కన అమ్మిన ఆవిడ కష్టానికి నాలుగు రూపాయలు ఈ ఊళ్లోనే మిగులుతాయి. డెకరేషన్ ప్యాకేజీలో ఆవిడకి చోటే లేదు.

మన జిల్లా జబ్బే ఇది. మనుషుల్ని చెన్నైకీ, హైదరాబాద్‌కీ, గల్ఫ్‌కీ పంపేస్తాం. వాళ్లు పంపిన డబ్బుతో బయటి సరుకు తెచ్చుకుని మురిసిపోతాం. పలాస జీడి ఫ్యాక్టరీలకి కూడా ఆఫ్రికా పిక్కలు దిగుతున్నాయి కదా అంటారేమో. దిగనివ్వండి, అక్కడ వలిచే చేతులు మనవి. ఆర్కిడ్ దగ్గర మనకి మిగిలే పని చెత్త ఎత్తడమే.

మాఘం ముహూర్తాలకి అడ్వాన్స్ ఇచ్చే ముందే డెకరేషన్ వాళ్లకి చెప్పండి: స్పాంజ్ వద్దు, బంతి, చామంతి, ఉద్దానం కొబ్బరాకు చాలు, దండలు కట్టే పని ఊళ్లో ఆడవాళ్లకే ఇవ్వాలి, వాళ్ల కూలి బిల్లులో విడిగా చూపించాలి.