బోరు పైపు మీద జిగురు
ఎండ సోకని చోట ప్రాణి బతకదు, కాబట్టి గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామ యూరోపా, శనిగ్రహం చుట్టూ తిరిగే చందమామ ఎన్సెలాడస్, వీటి మంచు కింది సముద్రాల్లో ప్రాణి కోసం వెతకడం దండగ అని ఒకరు రాశారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాలేదు. పోయిన ఎండాకాలం అనంతపురం దగ్గర మా తోటలో బోరు మోటారు పైకి లాగితే, 600 అడుగుల పైపుకు ఇటుక రంగు జిగురు పట్టి ఉంది. తుప్పే అనుకుని గోరుతో గీకితే మీగడ మాదిరి వచ్చింది. "తుప్పు కాదన్నా, ఇనుము తినే బ్యాక్టీరియా" అన్నాడు మెకానిక్. ఆ చీకట్లో వాటికి ఎండతో పనేముంది? అవి వాడుకునే ఆక్సిజన్ మాత్రం ఎండలో మొక్కలు చేస్తే పైనుంచి దిగిందే, ఆ మాట దాచను. 1977లో పసిఫిక్ సముద్రంలో గాలపగోస్ దీవుల దగ్గర, రెండున్నర కిలోమీటర్ల లోతున వేడినీటి ఊటల చుట్టూ కనిపించిన జీవులదీ ఇంచుమించు అదే కథ. కానీ ఆక్సిజన్ కూడా అక్కర్లేకుండా హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌తో బతికి మీథేన్ వదిలే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి, మన ఎద్దుల కడుపులో కూడా. 2015లో ఎన్సెలాడస్ చిమ్మే ఆవిరిలోంచి దూసుకుపోయిన కాసినీ అనే అంతరిక్ష నౌకకి దొరికింది ఆ హైడ్రోజనే. పొయ్యి, సరుకులు ఉన్నట్టే, తినేవాళ్లున్నారో లేదో చూడాలి. 2030లో గురుగ్రహం చేరే యూరోపా క్లిపర్ నౌక కూడా ప్రాణిని నేరుగా వెతకదు, అక్కడ బతికే వీలుందా అని మాత్రమే చూస్తుంది.