సవరణ: ఆధార్ తీర్పుల గురించి మొన్న నేను రాసింది

హనుమకొండలో మా యూనివర్సిటీలో లంచ్ టైమ్‌లో జరిగే డిజిటల్ సమాజం ప్రసంగాల మీద మొన్న రాస్తూ, ‘ఆధార్ ఎక్కడా తప్పనిసరి కాదని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది’ అన్నాను. అది తప్పు. వక్త సరిగ్గానే చెప్పారు, నేనే రెండు తీర్పులను కలిపేశాను.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు చెప్పింది గోప్యత ప్రాథమిక హక్కు అని. ఆధార్ తీర్పు వచ్చింది 2018 సెప్టెంబరు 26న. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్ తప్పనిసరి చేయడం చెల్లదని అందులో ఉంది. రేషన్ లాంటి సబ్సిడీలకు మాత్రం అడగవచ్చని కూడా అందులోనే ఉంది.

ఈ తేడా చిన్నది కాదు. నా పోస్టు చదివి మా పెద్దమ్మ రేషన్ షాపులో ‘వేలిముద్ర ఎందుకు పెట్టాలె’ అని డీలర్‌తో వాదనకు దిగింది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి వేళ్లు అరిగిపోయిన మనిషి. కొంగుతో తుడుచుకుని నాలుగుసార్లు నొక్కితే గానీ మిషన్ తీసుకోదు. ఆమెకు పనికొచ్చే మాట వేరే ఉంది: వేలిముద్ర పడకపోయినా అర్హులకు సరుకులు ఆగవని కేంద్రం తరఫున కోర్టుకు హామీ ఇచ్చారు. ప్రసంగంలో ఇది విన్నాను, రాయడం మర్చిపోయాను. పెద్దమ్మకు నిన్న ఫోన్ చేసి చెప్పాను. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్ని కూడా పంపండి.