ఈసీయూ గారికి ఒక సంజాయిషీ

మహారాజశ్రీ ఈసీయూ గారి (అంటే నా కారు ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ గారి) సముఖానికి,

ఇక్కడ నేను క్షేమం. మీటర్‌లో ఇంజిన్‌కి ఏదో తేడా వచ్చిందని చెప్పే పసుపు లైటు ఆరి వారం దాటింది కాబట్టి అక్కడ మీరూ క్షేమమే అనుకుంటున్నాను. నెల రోజుల్లో మూడుసార్లు బ్యాటరీ వైరు పీకి, మీ చేత అన్నీ మర్చిపోయేలా చేసింది నేనే. మీకు గుర్తుండదు. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎనిమిదేళ్లుగా మన మధ్య ఏ గొడవా లేదు. ఇంజిన్‌కి గాలి ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బాలోంచి వచ్చేది. చూడ్డానికి అటక మీద పడేసిన పాత సూట్‌కేసులా ఉండేది. అందులో కాగితం ఫిల్టర్, శబ్దాన్ని మింగే గదులు, హెడ్‌లైట్ వెనక నుంచి చల్లగాలి లాక్కునే మూతి, ఇన్ని ఏర్పాట్లు ఉన్నాయని దాన్ని పీకి అవతల పడేశాకే తెలిసింది. దాని చోట్లోకి తళతళలాడే అల్యూమినియం పైపు, చివర ఎర్రటి శంఖం లాంటి ఫిల్టర్ వచ్చాయి. పెట్టె మీద 'పవర్' అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎంత పవరో మాత్రం ఏ మూలా రాయలేదు. బానెట్ ఎత్తి చూస్తే పెళ్లిపందిరిలా ఉంది. కారుని బానెట్ మూసి నడుపుతారన్న సంగతి అప్పటికి తట్టలేదు.

"పైపు బిగిస్తే అయిపోదు బావా. ఈసీయూని రీసెట్ చెయ్యాలి. లేకపోతే అది ఇంకా పాత డబ్బానే ఉందనుకుంటుంది" అన్నాడు మా బావమరిది. వాడికి కారు లేదు. అందుకే కార్ల గురించి ఏ అనుమానమూ లేకుండా మాట్లాడగలడు.

నిజానికి మీకు డబ్బా ఏమిటో, పైపు ఏమిటో ఏం తెలుసు? మీరు గుమాస్తా. మీ పని లెక్క. దారిలో ఎయిర్ ఫ్లో సెన్సార్ అని ఒకటుంది, దాని లోపల వేడెక్కిన సన్నటి తీగ. గాలి తగిలితే తీగ చల్లబడుతుంది. దాన్ని మళ్లీ అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎంత గాలి లోపలికి వెళ్లిందో మీరు కడతారు. 14.7 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోలు చొప్పున పోస్తారు. కాలిన పొగలో ఆక్సిజన్ మిగిలిందని సైలెన్సర్ దారిలోని సెన్సార్ చెబితే పెట్రోలు కాస్త పెంచుతారు, మిగల్లేదంటే తగ్గిస్తారు. ఆ క్షణానికి చేసిన సవరణ చిట్టాలో రాస్తారు. అదే పనిగా ఒకే వైపు సవరణ పడుతుంటే దాన్ని ఆవర్జాలోకి ఎక్కిస్తారు. కారుకి తగిలించి మీ లెక్కలు చదివే స్కానర్లలో ఈ చిట్టాని షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనీ, ఆవర్జాని లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనీ పిలుస్తారు.

అంటే పైపు మారినా, ఫిల్టర్ మారినా, పెట్రోలు కాస్త తేడాగా వచ్చినా మీరు మీ పాటికి సర్దుకుపోతారు. ఎవరూ వచ్చి చెవిలో చెప్పక్కర్లేదు, నాలుగు రోజులు కారు నడిపితే చాలు. ఎనిమిదేళ్ల ఆవర్జా తగలబెట్టాల్సిన అవసరం ఎక్కడా లేదు. కానీ అలా ఊరికే నడిపితే నేనేదో చేశానన్న తృప్తి నాకెలా వస్తుంది?

ఆదివారం పొద్దున పది నంబరు పానా తీసుకుని నెగటివ్ టెర్మినల్ ఊడదీశాను. అరగంట ఆగాలి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు కూడా పోవాలంటే బ్రేక్ తొక్కాలని ఫోన్‌లో ఆదేశం వచ్చింది. డ్రైవర్ సీట్లో కూర్చుని, వెలగని బ్రేక్ లైట్ల కోసం ముప్పైసార్లు బ్రేక్ తొక్కాను. హెడ్‌లైట్ స్విచ్ అటూ ఇటూ తిప్పాను. హారన్ కూడా నొక్కాను, రాలేదు. రోడ్డు మీద పోతున్న ఒక పిల్లాడు ఆగి కాసేపు చూశాడు. నేను మళ్లీ నొక్కితే, పాపం, వాడే నోటితో "పీం పీం" అని వెళ్లిపోయాడు.

వైరు తగిలించాక గడియారం 12:00 దగ్గర మిణుకుమంది. రేడియో స్టేషన్లన్నీ పోయాయి. ఒక్క నొక్కుకే పైకి వెళ్లే అద్దం సగం దాకా వెళ్లి, తర్వాత ఏం చెయ్యాలో తోచనట్టు ఆగింది. ఇవన్నీ చిన్న నష్టాలు. అసలు నష్టం మీది. ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు థ్రాటిల్. దాని చుట్టూ ఎనిమిదేళ్లుగా పేరుకున్న మసిని లెక్కలోకి తీసుకుని, ఇంజిన్ ఆగకుండా ఉండాలంటే ఎంత సందు వదలాలో మీరు కాస్త కాస్తగా నేర్చుకున్నారు. ఆ చదువంతా పోయింది. మొదటి సిగ్నల్ దగ్గర, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు 1,200కి లేచింది, 600కి పడింది, మళ్లీ 1,100కి లేచింది, చివరికి బండే ఆగిపోయింది. వెనకవాళ్ల హారన్లు మాత్రం చక్కగా పనిచేస్తున్నాయి.

అయినా ఇంటికొచ్చి "పికప్ అదిరింది" అన్నాను. అబద్ధం కాదు, నాకలాగే అనిపించింది. శబ్దం మింగే గదులు లేకపోవడంతో పెడల్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ 'భో' అంటోంది. అరుపు పెరిగేసరికి వేగం కూడా పెరిగిందనుకున్నాను. పైపు పేరులో 'కోల్డ్ ఎయిర్' అని ఉంది. తర్వాత స్కానర్ తగిలించి చూస్తే, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు లోపలికి వెళ్తున్న గాలి 61 డిగ్రీలు. ఎర్ర శంఖం ఇంజిన్ పక్కనే కూర్చుని దాని సెగనే పీలుస్తోంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 శాతం పల్చబడుతుంది. చల్లగాలి తెచ్చిపెట్టే పాత సూట్‌కేసు ఆ పాటికి వర్షంలో తడుస్తోంది.

నాలుగో రోజు మీరు పసుపు లైటు వెలిగించారు. కోడ్ పీ0171, అంటే 'సిస్టమ్ టూ లీన్', గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని. చిట్టాలో ప్లస్ 7 శాతం, ఆవర్జాలో ప్లస్ 20 శాతం. కట్టిన లెక్క కన్నా నాలుగో వంతుకు పైగా ఎక్కువ పెట్రోలు పోస్తే తప్ప మంట సరిగ్గా మండడం లేదు. "అయ్యా, నేను గేటు దగ్గర లెక్కపెట్టిన గాలి వేరు, లోపలికి చేరుతున్న గాలి వేరు. దొడ్డిదారి ఎక్కడో తెరుచుకుంది, ఒకసారి చూడండి" అని మీరు ఇంత మర్యాదగా మొరపెట్టుకుంటే నేనేం చేశాను? పానా తీసుకుని బయల్దేరాను. లైటు ఆరింది. ఎంత హాయిగా ఉందో! ఫిర్యాదు రాసిన గుమాస్తాకి మతిమరుపు తెప్పిస్తే ఫైలు క్లోజ్ అయినట్టే కదా. (ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మా ఆఫీసులో చాలాకాలంగా నడుస్తోంది.)

అయిదు రోజులకి లైటు మళ్లీ వచ్చింది. "అరగంట చాలదు బావా, రాత్రంతా వదిలెయ్" అన్నాడు వాడు. రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే లేచి గడియారం, రేడియో, అద్దం, అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఈసారి మీరు మూడు రోజులకే లైటు వేశారు.

ఈలోగా నేను అనుమానించనిది లేదు. కొత్త పైపు వెడల్పు ఎక్కువైతే గాలి తీగ దగ్గర నెమ్మదిగా పోయి లెక్క తక్కువ చూపిస్తుందని చదివి పైపుని అనుమానించాను. ఫిల్టర్‌కి పూసిన నూనె తీగ మీద పడిందేమోనని స్ప్రే తెచ్చి సెన్సార్ కడిగాను. ఒక రాత్రి రెండింటికి 'ఈసీయూ చెడిపోయిన లక్షణాలు' అని వెతికాను కూడా. మీ స్థానంలోకి వేరే ఒకరిని తేవడానికి ఎంతవుతుందో చూశాను. క్షమించాలి. ధర చూసి మీ మీద గౌరవం తిరిగొచ్చింది.

మీ వంశంలో కొత్త తరం వాళ్ల దగ్గర ఈ పప్పులుడకవట. నేర్చుకున్న లెక్కలు కరెంటు పోయినా చెరగని మెమరీలో దాచుకునే వాళ్లున్నారు. అక్కడ బ్యాటరీ పీకితే పోయేది గడియారం ఒక్కటే. అమెరికాలో 2010 మోడళ్ల నుంచి దశలవారీగా 'పర్మనెంట్ కోడ్' అనేది కూడా పెట్టారు. బ్యాటరీ తీసినా, స్కానర్‌తో చెరిపినా అది పోదు. తప్పు నిజంగా సరైందని ఈసీయూకి నమ్మకం కుదిరితేనే పోతుంది. నా లాంటి వాడినెవడినో చూసే ఆ ఏర్పాటు చేసి ఉంటారు.

మూడో రీసెట్ తర్వాత టార్చ్ పట్టుకుని పైపు వెంబడి వేలు పెట్టి తడుముకుంటూ వెళ్లాను. ఎయిర్ ఫ్లో సెన్సార్ దాటాక, థ్రాటిల్ దగ్గర ఒక రబ్బరు తొడుగు, దాని మీద స్టీలు క్లాంప్ ఉన్నాయి. తొడుగు అంచుని బొటనవేలితో కొద్దిగా ఎత్తితే లేచింది. గోరు దూరేంత సందు. క్లాంప్ స్క్రూ చేత్తో తిప్పితేనే తిరుగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఆదివారం, అన్నీ సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకుని చివర్లో గట్టిగా బిగిద్దామని దాన్ని వదులుగా ఉంచాను. రీసెట్ తొందరలో ఆ చివర రానేలేదు.

స్క్రూడ్రైవర్‌తో నాలుగు తిప్పులు తిప్పాను. బ్యాటరీ జోలికి మాత్రం పోలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం స్కానర్ పెట్టి మీ ఆవర్జా చదివాను. ప్లస్ 20 కాస్తా 14 అయింది, 9 అయింది, చివరికి 4 దగ్గర నిలబడింది. వరసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (బండి స్టార్ట్ చేసి, నడిపి, ఆపితే ఒకటి) తప్పు కనబడకపోతే లైటు మీరే ఆర్పేస్తారట, ఆర్పేశారు. మిగిలిన ఆ 4 పైపు వెడల్పు తాలూకు లెక్క అయ్యుండొచ్చు. దాన్ని మీకే వదిలేస్తున్నాను.

ఈ సంగతంతా బావమరిదికి చెప్పాను. "చూశావా బావా, రాత్రంతా పెట్టమన్నాను కదా" అన్నాడు. సైలెన్సర్ కూడా మార్చేద్దామంటున్నాడు. నేను ఇంకా ఏమీ అనలేదు. మీరు కంగారు పడకండి.

ఇట్లు,
మీ డ్రైవర్

తా.క.: మూడో రీసెట్ అప్పుడు పది నంబరు పానా చేతిలోంచి జారి ఇంజిన్ కింద ఎక్కడో పడిపోయింది. అప్పట్నించీ స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా కింద 'టంగ్' అంటోంది. మొన్న పక్క సీట్లో ఉన్న మిత్రుడు ఏమిటా శబ్దం అని అడిగితే, కొత్త ఇన్‌టేక్‌ది, స్పోర్ట్స్ సౌండ్ అని చెప్పాను. దాన్ని పట్టుకునే సెన్సార్ ఏదీ మీ దగ్గర లేదనే అనుకుంటున్నాను.